గరుకు తారు మీద మూడు సెకన్లు

"జీన్స్ మందంగానే ఉంటుంది కదా, బండి మీద అది చాలదా?" హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఘాట్‌కో అనంతగిరికో బయల్దేరే కుర్రాళ్ల నోట తరచూ వినబడే ప్రశ్న. చాలదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పడ్డ మనిషి, ఘర్షణ గుణకం (ఒంటికీ రోడ్డుకూ మధ్య పట్టును చెప్పే అంకె) 0.6 అనుకుంటే, దాదాపు 24 మీటర్లు జారి ఆగుతాడు. మూడు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. ఈ లెక్కలో బరువు ఊసే లేదు. సన్నవాడైనా లావువాడైనా అంతే దూరం. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. బడిలో ఘర్షణను చెక్క దిమ్మెతో చెబుతారు. ఈ ఉదాహరణతో చెబితే పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది!

70 కిలోల మనిషికి ఆ వేగంలో ఉండే గతిశక్తి సుమారు 9,700 జౌళ్లు. 100 మిల్లీలీటర్ల నీళ్లను 23 డిగ్రీలు వేడెక్కించడానికి సరిపోతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ శక్తి ఖర్చయ్యేది భుజం, మోచేయి, తుంటి, మోకాలు రోడ్డుకు ఆనిన అరచేతి వెడల్పు చోట, బట్ట పైపొరలో. పాలిస్టర్, నైలాన్ 66 దాదాపు 260 డిగ్రీల దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటాయి. అరామిడ్ అనే గట్టి కృత్రిమ పీచు కరగదు, కెవ్లార్ ఈ జాతిదే. పత్తి కూడా కరగదు, కానీ తెగుతుంది.

తెగడంలోనే అసలు సంగతి ఉంది. జీన్స్ బట్ట అయిన డెనిమ్ అంటే పడుగు, పేక, అంటే నిలువు, అడ్డం పోగుల నేత. కంకర మొన ఒక పోగును కొరికితే దాని పక్క పోగులు వదులవుతాయి, పైకి లేస్తాయి, తర్వాతి మొనకు అవే చిక్కుతాయి. చిన్న చిల్లు క్షణంలో పెద్ద చిరుగవుతుంది. తోలు నేత కాదు. అందులో కొల్లాజన్ అనే ప్రొటీన్ పీచులు అన్ని దిక్కుల్లోనూ ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఉంటాయి, పీచు పరుపులో కొబ్బరి పీచులా. ఒకటి తెగితే దాని కిందిది పని అందుకుంటుంది. లాగితే ఊడివచ్చే పోగే లేదు కాబట్టి తోలు చిరగదు, పొరపొరగా అరుగుతుంది. రైడింగ్‌కు 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల ఆవు తోలు కావాలి. అది ఎంత మంచిదైనా కుట్టు ముందే విడిపోతే వృథా. భుజం, మోచేయి దగ్గర ఒకే వరస కుట్టు బయటికి కనిపిస్తే ఆ జాకెట్ వద్దు.

జాకెట్ లేబుల్ మీద ఈఎన్ 17092 వెతకండి. ఇది రైడింగ్ బట్టలకు ఐరోపా ప్రమాణం. ఎక్కువ దెబ్బ తగిలే చోట్ల రాపిడి పరీక్ష ఏ తరగతికి 45, ఏఏ తరగతికి 70, ఏఏఏ తరగతికి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో మొదలవుతుంది. సీ తరగతి, దెబ్బను ఆపే ప్యాడ్లను పట్టి ఉంచడానికే. దానికి రాపిడి రక్షణ లేదు.

దసరాకు బండికి పూజ చేసి టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. అంత శ్రద్ధ ఒంటి మీది ప్యాడ్లకూ దక్కాలి. వాటి ప్రమాణం ఈఎన్ 1621-1. 50 జౌళ్ల దెబ్బ వేసినప్పుడు సగటున లోపలికి వెళ్లే బలం లెవెల్ 1లో 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2లో 20 దాటకూడదు. మెత్తటి ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి. 40 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించిన వాటికి 'టీ ప్లస్' గుర్తు ఉంటుంది. మన మే నెలకు అదే కావాలి. చాలా జాకెట్లలో వీపు దగ్గర వచ్చేది ఏ గుర్తూ లేని ఉత్త స్పాంజి. తీసేసి వీపు ప్యాడ్ల ప్రమాణమైన ఈఎన్ 1621-2 గుర్తున్న ప్యాడ్ వేయించుకోండి.

ఎండకు గాలి ఆడాలని ఒక సైజు పెద్ద జాకెట్ కొనడం ఇక్కడ మామూలు. పెద్ద తప్పు. జాకెట్ చేయి వదులుగా ఉంటే లోపలి ప్యాడ్, మోచేయి నేలకు తగిలిన మరుక్షణం పక్కకు తిరుగుతుంది. గాలి కావాలంటే మెష్ (వలలాంటి బట్ట) తీసుకోండి. భుజం, మోచేయి మాత్రం గట్టి బట్టతో ఉండాలి. సైజు నిలబడి చూడకండి. జిప్పులన్నీ వేసి, బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని చూడండి. మణికట్టు బయటపడకూడదు, నడుము దగ్గర చర్మం కనిపించకూడదు. మోకాలి ప్యాడ్ నిల్చున్నప్పుడు కాస్త కిందికి ఉన్నట్టు అనిపిస్తుంది. కూర్చుంటే ప్యాంటు పైకి జరిగి మోకాలి చిప్ప మీదికి వస్తుంది. చివరగా మోచేతి ప్యాడ్‌ను రెండో చేత్తో పట్టుకుని గట్టిగా తిప్పండి. ఎముక మొన మీంచి పక్కకు పోతే ఒక సైజు తగ్గించండి.