బొటిక్ పెడల్స్: డబ్బు ఎక్కడికి పోతోంది, శబ్దం ఎక్కడ పుడుతోంది

గిటార్ వాయించే ఒక కుర్ర పాఠకుడు అడిగాడు: "సార్, ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ పెద్ద కంపెనీది చవగ్గా దొరుకుతోంది. ఇంచుమించు అదే సర్క్యూట్‌తో ఎవరో ఒకాయన చేత్తో చేసింది, బొటిక్ పెడల్ అంటారే అది, దానికి పదింతలు పలుకుతోంది. తేడా నిజంగా వినిపిస్తుందా, లేక మమ్మల్ని వెర్రివాళ్లని చేస్తున్నారా?" రెండూ కొంచెం కొంచెం నిజమే. పెడల్ అంటే ఏమిటో అతనికి తెలుసు, తెలియనివాళ్లు గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్య పెట్టుకుని కాలితో నొక్కే డబ్బా అనుకుంటే చాలు. ఓవర్‌డ్రైవ్ అంటే శబ్దాన్ని కావాలని కాస్త ముతకబరిచే రకం. నాకు అసలు మోజు ఆ డబ్బాలో ఉండే రెండు డయోడ్ల (కరెంటుని ఒక దిక్కుకే పోనిచ్చే చిన్న భాగాల) మీద, కాబట్టి అక్కడికే వెళ్దాం.

చెరువు నిండితే అలుగు పారుతుంది. మట్టం అలుగు ఎత్తుకి చేరాక ఎంత వరద వచ్చినా పొర్లి బయటికి పోవడమే తప్ప చెరువు పెద్దగా పెరగదు. గిటార్ నుంచి వచ్చే సంకేతం పైకీ కిందకీ ఊగే అల. దాన్ని బాగా పెంచి, పైకొసకి ఒక డయోడ్, కిందికొసకి ఒక డయోడ్ అలుగుల్లా పెడితే అల తలలు తెగుతాయి. తల తెగిన అలలో అంతకుముందు లేని పౌనఃపున్యాలు పుడతాయి. రెండు వైపులా సమానంగా తెగితే అసలు స్వరానికి మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు ఉండేవి వస్తాయి. ఒకేసారి రెండు తీగలు మీటితే వాటి కూడికలూ తీసివేతలూ కూడా వచ్చి చేరతాయి, అందుకే డిస్టార్షన్‌లో, అంటే ఇలా అలని తెంచి పుట్టించే ముతక శబ్దంలో, చాలా స్వరాలు కలిసిన కార్డ్ వాయిస్తే గజిబిజిగా ఉంటుంది.

కాలేజీలో మనకి డయోడ్ అంటే 0.7 వోల్టులు దాటితే ఆన్, లేకపోతే ఆఫ్ అని బట్టీ పట్టించి వదిలేస్తారు. పరీక్షకి అది చాలు, చెవికి చాలదు. నిజం డయోడ్‌లో కరెంటు ఉన్నట్టుండి మొదలవదు, ఘాతీయంగా పెరుగుతుంది. పెడల్స్‌లో ఎక్కువగా వాడే 1ఎన్914 రకం సిలికాన్ డయోడ్‌లో వోల్టేజి సుమారు 0.1 వోల్టు పెరిగిన ప్రతిసారీ కరెంటు పది రెట్లవుతుంది. అంటే మన అలుగు గట్టు నిటారుగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. నెమ్మదిగా మీటితే అల ఆ వంపుని తాకి వెళ్తుంది, గట్టిగా మీటితే పొర్లుతుంది. "వేళ్లకి స్పందించే పెడల్" అని అమ్మేవాళ్లు చెప్పేదాంట్లో ముఖ్యమైన భాగం ఈ వంపే, అది అర్ధవాహకం స్వభావంలోంచి వస్తుంది, తయారీదారు చేతిలోంచి కాదు.

1970ల చివర్లో జపాన్ నుంచి వచ్చిన ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ తీసుకోండి, ఇవాళ దొరికే బొటిక్ ఓవర్‌డ్రైవ్‌లలో చాలావాటికి మూలపురుషుడు అదే. అందులో డయోడ్లు ఆప్-ఆంప్ (సంకేతాన్ని పెంచే చిప్) ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే బయటికొచ్చిన సంకేతం తిరిగి చిప్‌లోకి వెళ్లే దారిలో, కూర్చుంటాయి. ఇక్కడే నాకిష్టమైన చమత్కారం ఉంది. ఆ అమరికలో డయోడ్లు పూర్తిగా తెరుచుకున్నా గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ సంఖ్య) సున్నాకి పడదు, ఒకటి దగ్గర ఆగుతుంది. కాబట్టి అలుగు పారుతున్నా దాని మీద అసలు అల, పెంచకుండా, చిన్నగా ఊగుతూనే ఉంటుంది. తెగిన అలకి తెగని అల తోడవుతుంది. శబ్దం ముతకగా ఉన్నా కింద గిటార్ ఆనవాలు పట్టగలగడానికి ఇదొక కారణం. డయోడ్లని నేరుగా గ్రౌండ్‌కి కలిపే పెడల్స్‌లో ఈ తోడు ఉండదు, అందుకే అవి కటువుగా వినిపిస్తాయి.

ఇప్పుడు లెక్కలు, ఓపిక పట్టండి. అందులో గెయిన్ నాబ్ 500 కిలోఓమ్‌లు, దానికి తోడు 51 కిలోఓమ్‌ల రెసిస్టర్, కింద 4.7 కిలోఓమ్‌లు. గరిష్ఠ గెయిన్ 1 + 551/4.7, అంటే సుమారు 118. ఆ 4.7 కిలోఓమ్‌లతో వరసగా ఉన్న 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వల్ల 720 హెర్ట్‌జ్ కింద గెయిన్ తగ్గుతూ పోతుంది, ట్యూబ్ స్క్రీమర్ మధ్యస్థాయి స్వరాలు ముందుకి తోసుకొచ్చినట్టుండటానికి ఇది సగం కారణం. ఇప్పుడు "ఏరి కోరి తెచ్చిన అరుదైన డయోడ్లు" పెట్టామనుకుందాం. అవీ సిలికానే అయితే, ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ లీకేజీ లక్షణం రెండింతలు తేడా ఉన్నా అలుగు ఎత్తు మారేది 0.03 వోల్టు. అర వోల్టులో ఆరు శాతం, అర డెసిబెల్. వాల్యూమ్ నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పితే సరిపోతుంది. మరి ఆ గెయిన్ నాబ్ సంగతి? నాబ్ వెనకుండే ఇలాంటి పొటెన్షియోమీటర్లు (తిప్పితే మారే రెసిస్టర్లు) మామూలుగా 20 శాతం అటూ ఇటూగా వస్తాయి. 400 నుంచి 600 కిలోఓమ్‌ల మధ్య ఏదైనా ఉండొచ్చు, గరిష్ఠ గెయిన్ 97 నుంచి 139 దాకా మారొచ్చు. అంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు తయారైన రెండు పెడల్స్ మధ్యే 3 డెసిబెల్స్ తేడాకి అవకాశం ఉంది! "ఫలానా సంవత్సరం పీస్‌లో ఏదో మహత్యం ఉంది" అనే మాట పుట్టేది ఇక్కడే అని నా అనుమానం.

ఆప్-ఆంప్ చిప్ మీద అంతకంటే పెద్ద మూఢనమ్మకం ఉంది. పాత జేఆర్‌సీ4558డీ చిప్ కోసం వెతికి వెతికి కొంటారు. అది మైక్రోసెకనుకి సుమారు ఒక వోల్టు మారగలదు. మనిషి చెవి వినగల పై హద్దు, 20 కిలోహెర్ట్‌జ్ అల, ఒక్కసారి ఊగడానికి 50 మైక్రోసెకన్లు పడుతుంది. ఒక వోల్టుకి అటూ ఇటూగా తెగిపోయే సంకేతానికి ఆ చిప్ దగ్గర కావలసినంత తీరిక ఉంది, దాని స్థానంలో ఏ మామూలు చిప్ పెట్టినా ఫీడ్‌బ్యాక్ రెండింటి చేతా ఒకే పని చేయిస్తుంది.

అలాగని అన్నిటినీ ఒకే గాటన కట్టలేం. ప్రోకో ర్యాట్ అనే డిస్టార్షన్ పెడల్‌లో గెయిన్ రెండు వేల రెట్లు దాటుతుంది, పాతవాటిలో వాడిన ఎల్‌ఎమ్308 మైక్రోసెకనుకి 0.3 వోల్టు మాత్రమే కదిలే నత్త. అక్కడ చిప్ అందుకోలేక అల అంచులు వాలిపోతాయి, ఆ వాలడమే ర్యాట్ శబ్దంలో భాగం. అక్కడ చిప్ మారిస్తే శబ్దం మారుతుంది. 1966లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఫజ్ ఫేస్ (ఫజ్ అంటే ఇంకా ముతకగా గరగరలాడే శబ్దం) ఇంకా మొండిది. రెండే ట్రాన్సిస్టర్లు, మొదట్లో జెర్మేనియంవి. జెర్మేనియం లీకవుతుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది, ఒకే పేరున్న రెండు ట్రాన్సిస్టర్ల గెయిన్‌కి పొంతన ఉండదు. చక్కటి ఫజ్ కావాలంటే ఒక్కొక్కదాన్నీ కొలవాలి, లీకేజీని విడిగా లెక్కగట్టాలి, జతలు కట్టాలి, మిగతావి పక్కన పడేయాలి. ఆ పని చేసినవాడు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి, అది కూలి.

క్లాన్ సెంటార్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ గురించి అడక్కుండా ఎవరూ వదలరు. బిల్ ఫినెగన్ 1994 నుంచి దాదాపు 8,000 తయారు చేశాడు, లోపలి బోర్డు కనపడకుండా ఎపాక్సీ పోశాడు. ఇప్పుడవి చేతులు మారేది వేల డాలర్లకి. ఎపాక్సీని గీకి చూసినవాళ్లకి దొరికింది తెలివైన సర్క్యూటే: జెర్మేనియం డయోడ్ల జత, తెగని సంకేతాన్ని తోడుగా కలిపే దారులు, 9 వోల్టులని లోపలే పెంచే చార్జ్ పంప్. తెలివైనదే, అసాధ్యమైనది కాదు. తర్వాత ఆయనే అదే సర్క్యూట్‌ని చిన్న డబ్బాలో కేటీఆర్ పేరుతో అమ్ముతూ, ఈ హడావిడి నేను పుట్టించింది కాదని డబ్బా మీదే అచ్చువేశాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. వేల డాలర్లు పోసేవాళ్లు కొంటున్నది పాత నాణెం లాంటి సేకరణ వస్తువుని, దాన్ని శబ్దంతో కలిపి మాట్లాడటం అనవసరం.

"కానీ నాకు తేడా వినిపించింది కదా" అంటారు. వినిపించే ఉంటుంది. 2008లో ప్లాస్‌మాన్ అనే పరిశోధకురాలి బృందం ఒకే వైన్‌కి రెండు ధరలు చెప్పి తాగించారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు బాగుందన్నారు, మెదడులో ఆనందానికి సంబంధించిన ప్రాంతం చురుకుదనం కూడా పెరిగింది. అంటే వాళ్లు అబద్ధమాడలేదు. పెడల్స్ విషయంలో దీనికి తోడు ఇంకో మోసం: కాస్త, ఒక డెసిబెల్ అంత, ఎక్కువ మోగేది "పెద్దది" అనిపించదు, "మెరుగైనది" అనిపిస్తుంది. కాబట్టి రెండు పెడల్స్‌నీ మీటర్ పెట్టి ఒకే వాల్యూమ్‌కి తెచ్చి, బొమ్మా బొరుసూ వేస్తూ వేరేవాళ్ల చేత మార్పించి, చూడకుండా వినండి. 16 సార్లలో 12 సరిగ్గా చెప్తే తేడా వినిపిస్తోందని నమ్మొచ్చు, ఊరికే ఊహిస్తే అంత రావడానికి అవకాశం నాలుగు శాతం కూడా లేదు. తొమ్మిదో పదో వస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

చేత్తో చేసిన పెడల్‌కి డబ్బు పెట్టడానికి కారణాలు లేకపోలేదు. కాలి కింద నలిగినా చెడని స్విచ్, ఊడిపోని జాక్, పాడైతే తీసుకుని బాగుచేసే మనిషి, మార్కెట్లో ఇంకెక్కడా లేని విచిత్రమైన సర్క్యూట్ ఆలోచన, ఇవన్నీ న్యాయమైన ఖర్చులే. పేరున్న పాత సర్క్యూట్‌కి కొత్త రంగు పూసి "రహస్య భాగాలు" అంటే మాత్రం నేను కొనను. డిజిటల్ పెడల్స్‌కి ఈ లెక్క వర్తించదు. మంచి రివర్బ్‌లో (ప్రతిధ్వనిని పుట్టించే పెడల్‌లో) చిప్ ఖర్చు కొంచెమే, దానిలో నడిచే ప్రోగ్రామ్ రాయడానికి పట్టిన నెలలే అసలు ఖర్చు, దాన్ని ఎపాక్సీ గీకి కనుక్కోవడం కూడా కుదరదు.