పామిడి దగ్గరే దిగడం మొదలుపెట్టాలి

"సార్, ఎత్తు చూపించే మీటరు ముందరే ఉంటాది గదా, మళ్లా కింద నుంచి కంట్రోలర్ చెప్పిన ఎత్తు పైలట్లు ఎట్ల తప్పుతారు?" అని అనంతపురంలో నా దగ్గర ఫిజిక్సు ట్యూషన్‌కు వచ్చే పిల్లాడు అడిగాడు. అజాగ్రత్త అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇందులో మంచి ఫిజిక్సు ఉంది, దాన్ని వదిలేయడం నాకిష్టం లేదు.

మ్యాపు పరిచాం. ఉత్తరం నుంచి బెంగళూరు వెళ్లే విమానం 34,000 అడుగుల్లో ఉందనుకుందాం. ఆ విమానాశ్రయమే సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి దిగాల్సింది 31,000. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు) అన్నది పైలట్ల నోటిలెక్క. అంటే 93 మైళ్లు, వేగం తగ్గించుకోడానికి ఇంకో పది. మొత్తం 190 కిలోమీటర్లు. స్కేలు పెట్టి కొలిస్తే పెన్న ఒడ్డున పామిడి వచ్చింది!

దిగే దారిలో షరతులుంటాయి. ఫలానా చోట ఇంతకన్నా పైన ఉండకూడదు, ఫలానా చోట ఇంతకన్నా కిందికి రాకూడదు, ఈ వేగం దాటకూడదు. అసలు చిక్కు ఏమిటంటే, జెట్ విమానానికి త్వరగా దిగడం, వేగం తగ్గడం రెండూ ఒకేసారి చాలా కష్టం.

బేతంచెర్ల నాపరాళ్ల లోడుతో నంద్యాల–గిద్దలూరు ఘాట్ దిగే లారీని చూడండి. ఎత్తు తగ్గేకొద్దీ ఆ ఎత్తు వల్ల వచ్చిన శక్తి ఎక్కడికో పోవాలి: వేగంగా మారాలి, లేదా బ్రేకుల్లో వేడిగా పోవాలి. అందుకే డ్రైవరు దిగకముందే చిన్న గేరు వేసుకుంటాడు. దిగేముందు గుడి దగ్గర ఆపి కొబ్బరికాయ కొడతారు చాలామంది. ఆ నమ్మకాన్ని నేను కాదనను. ఆ అయిదు నిమిషాల్లో టైర్లు, బ్రేకులు ఓసారి చూసుకుంటారు, అదీ మేలే. విమానానికి రోడ్డు రాపిడి లేదు, గాలి నిరోధం తక్కువగా ఉండేలాగే దాన్ని కట్టారు. రెక్కల మీద లేచే స్పీడ్‌బ్రేకులు కొంతే సాయం చేస్తాయి.

ఎంత శక్తి? క్లాసులో బంతి కింద పడేటప్పుడు వాడే సూత్రమే, వేగం వర్గాన్ని 2g తో భాగించండి (g అంటే గురుత్వ త్వరణం), ఆ వేగానికి సమానమైన ఎత్తు వస్తుంది. గాలిలో నిజవేగం 300 నాట్లయితే (నాట్ అంటే గంటకో నాటికల్ మైలు) 1,214 మీటర్లు, 250 అయితే 843. తేడా 371 మీటర్లు. అంటే ఆ 50 నాట్లు తగ్గించుకోవడం దాదాపు 1,200 అడుగులు అదనంగా దిగడంతో సమానం!

ఇప్పుడు రద్దీ వేళ చూడండి. వెనక విమానం ఉంది, వేగం తగ్గించవద్దంటాడు కంట్రోలర్. కాసేపటికి ముందున్నది నెమ్మదించింది, 250కి రమ్మంటాడు. మధ్యలో దారి 20 మైళ్లు కుదించి నేరుగా రమ్మంటాడు. ప్రయాణికులకు అది వరమే. పైలట్‌కు మాత్రం దాదాపు 6,700 అడుగులు దిగాల్సిన దారి ఒక్క మాటతో మాయమైంది. కంప్యూటర్ వేసుకున్న లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. ఆ టెన్షన్‌లో కొత్త ఎత్తు తప్పుగా వినడం, "పైన", "కింద" తారుమారవడం కూడా జరుగుతాయి.

రెండు విమానాల మధ్య ఎత్తులో ఉంచే తేడా మామూలుగా వెయ్యి అడుగులే. 1996 నవంబరు 12న ఢిల్లీకి దిగుతున్న కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాల్సింది, ఇంకా కిందికి వచ్చింది. 14,000 దగ్గర ఎదురొచ్చిన సౌదీ విమానాన్ని చర్ఖీ దాద్రీ మీద ఢీకొంది. 349 మంది చనిపోయారు. ఒక్కరూ మిగల్లేదు. పిల్లాడికి ఇది చెప్పేటప్పుడు నా గొంతు మారింది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వెనక నుంచి 50 నాట్ల గాలుంటే?" అన్నాడు. దిగడానికి పదిహేను నిమిషాలనుకుంటే గాలి మోసుకుపోయేది పన్నెండున్నర మైళ్లు, 23 కిలోమీటర్లు. వాడే స్కేలు పైకి జరిపాడు. గుత్తి కోట దగ్గర ఆగింది.