రోజుకి 49 మంది కోసం 900 కోట్ల యెన్లు: తదమి లైన్ కథ

చుట్టూ ఎర్రబడ్డ అడవి, కింద ఆకుపచ్చ రంగు నది, మధ్యలో కమాను వంతెన మీద బొమ్మలాంటి రెండు పెట్టెల రైలు. జపాన్ రైళ్ల ఫొటోలు మీ ఫోన్‌లోకి ఎప్పుడైనా వచ్చి ఉంటే ఇది కూడా వచ్చే ఉంటుంది. ఫుకుషిమ ప్రిఫెక్చర్ (జపాన్‌లో మన రాష్ట్రంలాంటిది)లోని మిషిమ అనే చిన్న ఊరి దగ్గర, తదమి నది మీద కట్టిన మొదటి వంతెన అది. పేరే 'మొదటి తదమి నది వంతెన'. ఇలా వరుస నంబర్లతో ఎనిమిది ఉన్నాయి.

ఆ వంతెన మీదుగా వెళ్లే తదమి లైన్ జాతకం రాయాలంటే అందం గురించి కాకుండా ఒక అంకెతో మొదలుపెట్టాలి. 2010లో ఐజు-కవగుచి నుంచి తదమి దాకా ఉన్న 27.6 కిలోమీటర్ల ముక్కలో సగటు రాకపోకలు రోజుకి 49 మంది. మన దగ్గర ఒక పల్లెవెలుగు బస్సు ఒక్క ట్రిప్పులో ఎక్కించుకునేంత మంది. మరుసటి ఏడాది వరదలో ఆ ముక్క కొట్టుకుపోయింది. పదకొండేళ్ల తర్వాత, 2022 అక్టోబర్ 1న, సుమారు 900 కోట్ల యెన్లు (అప్పటి మారకంలో దాదాపు 500 కోట్ల రూపాయలు) పెట్టి మళ్లీ తెరిచారు. ఇంత డబ్బు ఎందుకు పోశారు, ఎవరు పోశారు అన్న గొడవ జపాన్‌లో ఇంకా నడుస్తూనే ఉంది. అది అర్థం కావాలంటే అసలు ఈ పట్టాలు ఎవరి కోసం వేశారో చూడాలి. మనుషుల కోసమైతే మాత్రం కాదు, కనీసం ఆ మధ్య ముక్క.

లైన్ మొత్తం పొడవు 135.2 కిలోమీటర్లు, ఫుకుషిమలోని ఐజు-వకమత్సు నుంచి కొండలు దాటి నీగత ప్రిఫెక్చర్లోని కొయిదె వరకు. ఒక్క దెబ్బలో వేసింది కాదు. 1926లో ఐజు-వకమత్సు నుంచి ఐజు-బంగె దాకా, 1928లో యనైజు దాకా, 1941లో మియషిత దాకా తూర్పు వైపు నుంచి మెల్లగా పాకుతూ వచ్చింది. 1942లో, యుద్ధం మధ్యలో, పడమటి చివర కొయిదె నుంచి ఓషిరకవ వరకు ఇంకో ముక్క తెరిచారు. మధ్యలో కొండలు, మంచు. రెండు ముక్కలూ ఒకదాన్నొకటి చూసుకోకుండా దాదాపు ముప్పై ఏళ్లు ఉండిపోయాయి.

ఆ ఖాళీని నింపడం మొదలుపెట్టింది ప్రయాణికులు కాదు, సిమెంటు. యుద్ధం తర్వాత జపాన్‌కి కరెంటు కావాలి, తదమి నదిలో చూస్తే నిలువునా నీళ్లు. ప్రభుత్వం పెట్టిన విద్యుత్ సంస్థ తగోకుర దగ్గర 145 మీటర్ల ఎత్తు డ్యామ్ తలపెట్టింది. దాని కింద తగోకుర అనే పల్లె, ఓ యాభై ఇళ్లు, మొత్తం మునిగిపోయింది. పరిహారం మీద ఆ ఊరివాళ్లు చేసిన పోరాటం అప్పట్లో దేశమంతా వార్త అయింది (శ్రీశైలం, పోలవరం సంగతులు తెలిసిన మనకి దీన్ని వేరే వివరించక్కర్లేదు). డ్యామ్‌కి సామాను ఎలా చేర్చాలి? 1956లో ప్రభుత్వ రైల్వే కవగుచి దాకా వచ్చి ఆగితే, అక్కడి నుంచి తదమి మీదుగా డ్యామ్ దాకా విద్యుత్ సంస్థే సొంతంగా లైన్ వేసుకుని, 1957 నుంచి ఆవిరి ఇంజన్లతో సిమెంటు మోసింది. పని అయిపోయాక దాన్ని ప్రభుత్వ రైల్వేకి అప్పగించారు. 1963లో తదమి దాకా ప్రయాణికుల బళ్లు మొదలయ్యాయి. కరెంటేమో హైటెన్షన్ తీగల మీద టోక్యో వైపు వెళ్లింది. కొండల్లో మిగిలింది ఈ పట్టాలు.

ఇది చదువుతుంటే నాకు మన కొత్తవలస–కిరండూల్ లైన్ గుర్తొచ్చింది. అది వేసింది కూడా అరకు చూడ్డానికి వెళ్లేవాళ్ల కోసం కాదు కదా, 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కే, పంపడానికి. ఇప్పుడు అందులో అద్దాల పెట్టెలో కూర్చుని సొరంగాలు లెక్కపెడుతున్నాం. తేడా ఏంటంటే మన దాంట్లో ఖనిజం ఇంకా నడుస్తోంది, అక్కడ సిమెంటు 1960 కల్లా అయిపోయింది.

చివరి ముక్క, తదమి నుంచి ఓషిరకవ, 1971 ఆగస్టు 29న తెరిచారు. దీనికోసం 6,359 మీటర్ల సొరంగం తవ్వారు. ఆ కనుమ పేరు రొకుజూరిగొయె, అంటే 'అరవై రి దాటుడు'. నిజానికి దూరం ఆరు రి (ఒక రి సుమారు నాలుగు కిలోమీటర్లు), కానీ ఆ దారిలో నడిస్తే పదింతలు నడిచినట్టుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. సొరంగం అవతల కొయిదె వైపు ఊళ్లు తనాకా కాకుయెయి నియోజకవర్గంలోనివి. మరుసటి ఏడాదే ఆయన ప్రధాని అయ్యాడు. రాజకీయంగా ఆ పట్టాలకి ఎంత దన్ను ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు.

అయితే లైన్ పూర్తయ్యే సమయానికే జపాన్ ప్రభుత్వ రైల్వే అప్పుల్లో మునిగి ఉంది. 1980లో చట్టం తెచ్చి, రోజుకి కిలోమీటరుకి సగటున 4,000 మంది కూడా లేని పల్లె లైన్లను మూసెయ్యడమో, స్థానికులకి అప్పగించడమో మొదలుపెట్టారు. ఆ కొలతలో తదమి లైన్ మొదటి వరసలోనే పోవాలి. కాపాడింది మంచు. చట్టంలో ఒక మినహాయింపు ఉంది: బస్సు తిరగడానికి పక్కన సరైన రోడ్డు లేకపోతే లైన్ ఉంచాలి. ఇక్కడ కనుమ మీదుగా వెళ్లే 252 నంబర్ హైవే చలికాలమంతా మంచు కింద మూతబడి ఉంటుంది. అలా బతికి బయటపడి, 1987లో రైల్వేని ముక్కలు చేసి ప్రైవేటుపరం చేసినప్పుడు జేఆర్ ఈస్ట్ చేతికి వచ్చింది.

జేఆర్ ఈస్ట్ అంటే టోక్యో లోకల్ రైళ్లు, షింకన్‌సెన్ బుల్లెట్ రైళ్లు నడిపే కంపెనీ. ఇక్కడ మాత్రం కాలం ఆగిపోయినట్టుండేది. సింగిల్ లైన్, డీజిల్ బళ్లు. కొన్ని స్టేషన్ల మధ్య 2012 సెప్టెంబర్ దాకా టోకెన్ పద్ధతే: తోలు సంచిలో గుండ్రటి ఇత్తడి బిళ్ల, దానికి పెద్ద వలయంలాంటి పిడి. స్టేషన్ మాస్టర్ ఆ వలయం అందిస్తే డ్రైవర్ భుజానికి తగిలించుకుని బండి తీసేవాడు, అవతలి స్టేషన్లో ఇచ్చేస్తేనే ఎదుటి బండికి దారి. మన చిన్న స్టేషన్లలో టోకెన్ మార్పిడి చూసినవాళ్లకి కొత్తేం కాదు. జపాన్ జేఆర్ లైన్లలో అప్పటిదాకా మిగిలినవాటిలో చివరిదనదగ్గది ఇది.

2011 జులై చివర్లో, సునామీ వచ్చి నాలుగు నెలలు దాటిందో లేదో, నీగత–ఫుకుషిమ సరిహద్దులో కుండపోత. తదమి ఊర్లో ఐదు రోజుల్లో 700 మిల్లీమీటర్లకు పైగా. జులై 30న లైన్ తెగింది. ఆరో వంతెన, ఏడో వంతెన నదిలో కలిసిపోయాయి, ఐదో దాంట్లో కొంత భాగం పోయింది, ఎనిమిదో దాని దగ్గర కూడా నష్టం. ఆరో వంతెన ఉన్నది సరిగ్గా హొన్న డ్యామ్ కింద. నది పొడవునా ఉన్న డ్యామ్‌ల వెనక మేట పేరుకుని నీళ్లు ఎగదన్నాయని కనెయమ ఊరివాళ్లు కొందరు విద్యుత్ సంస్థల మీద కోర్టుకెక్కారు. ఏ నది మీది డ్యామ్‌ల కోసం రైలు వచ్చిందో ఆ నదే రైలుని తీసుకుపోయింది.

మిగతా ముక్కలు 2012 అక్టోబర్ కల్లా బాగయ్యాయి. కవగుచి–తదమి మధ్య మాత్రం బదులుగా బస్సు తిప్పారు. బాగుచెయ్యడానికి 850 కోట్ల యెన్లు అవుతుందన్నది జేఆర్ తొలి అంచనా. బస్సే శాశ్వతంగా ఉంచుకోండి, సాయం చేస్తాం అన్నది వాళ్ల మాట. వాళ్ల వైపు నుంచి చూస్తే అన్యాయమేం కాదు. పైగా అప్పటి చట్టం ప్రకారం లాభాల్లో ఉన్న కంపెనీ లైన్ కొట్టుకుపోతే ప్రభుత్వ సాయం రాదు. టోక్యోలో సంపాదిస్తున్నావుగా, అందులోంచి పెట్టుకో అని దాని అర్థం.

చివరికి 2017 జూన్‌లో ఫుకుషిమ ప్రిఫెక్చర్ ముందుకొచ్చింది. ఒప్పందం ఏంటంటే, జపాన్ భాషలో 'జోగె బున్రి' అంటారు, పైదీ కిందదీ వేరు చెయ్యడం. కింద ఉన్నవి, అంటే పట్టాలు, వంతెనలు, స్టేషన్లు, ప్రిఫెక్చర్ సొంతం. పైన నడిచేది, అంటే బండి, డ్రైవరు, టికెట్టు, జేఆర్ బాధ్యత. పట్టాలు వాడుకున్నందుకు జేఆర్ అద్దె కట్టాలి, కానీ నష్టం రాకుండా ఆ అద్దె తగ్గిస్తారు. ఏటా నిర్వహణ ఖర్చు (ఒప్పందం నాటి అంచనా 21 కోట్ల యెన్లు) పదింట ప్రిఫెక్చర్ ఏడు వంతులు, ఐజు ప్రాంతపు 17 ఊళ్లూ పట్నాలూ మూడు వంతులు. 2018లో చట్టం మార్చాక నిర్మాణ ఖర్చులో కేంద్రం కూడా మూడో వంతు భరించింది.

ఆ పదిహేడింట్లో కనెయమ ఒకటి. జనాభా రెండు వేల లోపు, సగానికి పైగా అరవై ఐదు దాటినవాళ్లు. ఇలాంటి ఊరు ప్రతి ఏడూ రైలు పట్టాల కోసం తన వాటా కట్టడానికి ఒప్పుకుంది. నాకు ఇందులో సెంటిమెంట్ కంటే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది: జపాన్ మ్యాపుల్లో, టైమ్‌టేబుల్ పుస్తకాల్లో రైలు గీత చెరిగిపోయిన ఊరు బయటివాళ్లకి కనిపించడం మానేస్తుంది. స్కూలు పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు బస్సులో కూడా వెళ్లగలరు. బస్సుని చూడ్డానికి మాత్రం తైవాన్ నుంచి ఎవరూ రారు.

కాకపోతే ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. తెరిచాక శరత్కాలంలో జనం కిటకిటలాడారు నిజమే, కానీ మధ్య ముక్కలో నడిచేవి మునుపటిలాగే రోజుకి మూడు జతలే, ఇటు చివర నుంచి అటు చివరకి నాలుగు గంటలకు పైనే. మంచు ఎక్కువ పడితే తదమి–ఓషిరకవ మధ్య బళ్లు ఆగిపోతాయి. ఫొటోల కోసం వచ్చేవాళ్లలో చాలామంది కార్లలో వస్తారు. మిషిమలో హైవే పక్కన విశ్రాంతి కేంద్రంలో బండి ఆపుకుని, కొండ మెట్లెక్కి, వంతెన కనబడే చోట స్టాండ్లు దింపుకుని కాచుకుంటారు. వాళ్ల కోసం అక్కడ రైలు వేళలు కూడా పెట్టారు. స్టేషన్లో ఎన్నింటికి ఎక్కాలో కాదు, వంతెన మీదికి ఎన్నింటికి వస్తుందో. రైలు వస్తుంది, నిమిషం కూడా పట్టదు, వెళ్లిపోతుంది. అందరూ కెమెరాలు సర్దుకుని కార్ల దగ్గరికి దిగుతారు. టికెట్టు కొన్నవాళ్లు ఆ రెండు పెట్టెల్లో ఉన్నవాళ్లే.