వనభోజనాలు, పురుగు కాట్లు: అపోహలు – వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లకి కార్తీకం వస్తే తోటల్లో వనభోజనాలు, కుర్రాళ్లకి మహేంద్రగిరి, దేవమాలి కొండలకు ట్రిప్పులు. తిరిగొచ్చాక కొందరు ఫోన్లో వీడియో చూపించి మరీ అడుగుతారు: "డాక్టర్ గారూ, పిడుదు పట్టింది, లైమ్ జబ్బు వస్తుందా?"

అపోహ: పిడుదు కుడితే లైమ్ జబ్బే.

లైమ్ అనేది అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఊరు. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు కీళ్లవాపులు రావడంతో ఆ జబ్బు బయటపడింది. దాన్ని మోసేవి ఐక్సోడిస్ జాతి పిడుదులు. మన కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదుతో అది రాదు, మన దేశంలోనే అది అరుదు. ఇక్కడ వానలు తగ్గే రోజుల్లో నాకు టెన్షన్ పెట్టేది స్క్రబ్ టైఫస్ అనే జ్వరం. అది చిగ్గర్ అనే మైట్ పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు) కుడితే వస్తుంది. తొలకరిలో కనిపించే ఆరుద్ర పురుగుకి ఇది దూరపు చుట్టం. పాపం, ఆరుద్ర మనల్ని కుట్టదు.

అపోహ: కుడితే తెలీదా ఏంటి?

తెలీదు. చిగ్గర్ కంటికి ఆనదు. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లో జ్వరం మొదలవుతుంది, అప్పటికి పిక్నిక్ సంగతే మర్చిపోతాం. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు. చంక, గజ్జ, నడుం, రొమ్ముల కింద దాక్కుంటుంది కాబట్టి వెతికితేనే దొరుకుతుంది. చాలామందికి అసలు పెచ్చే ఉండదు. అందుకే జ్వరంతో వస్తే పొదల్లో తిరిగిన సంగతి అడక్కపోయినా చెప్పండి.

అపోహ: మలేరియా, డెంగ్యూ లేవన్నారు, ఇక వైరల్ జ్వరమే.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. వైడల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్షలో కాస్త పాజిటివ్ కనిపిస్తే చాలు, టైఫాయిడ్ అని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. స్క్రబ్ టైఫస్‌కి అవి పనిచేయవు. రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. పనిచేసేది డాక్సీసైక్లిన్, గర్భిణులకు అజిత్రోమైసిన్. రెండూ చవకైన పాత మందులే. సకాలంలో పడితే సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. అనుమానం గట్టిగా ఉంటే ఐజీఎం ఎలీసా అనే రక్తపరీక్ష రిపోర్టు కోసం మందు ఆపకూడదు. అలాగని పిక్నిక్‌కి ముందు మీరే కొనుక్కుని మింగకండి.

అపోహ: అడవిలోనే ప్రమాదం.

ఎలుకలు, పొదలు ఉన్నచోటల్లా చిగ్గర్లుంటాయి: పొలంగట్లు, బీడు, పెరట్లో గడ్డి కూడా. గడ్డిమీద నేరుగా కూర్చోకుండా టార్పాలిన్ పరవండి. నిండు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపండి. బట్టలు పొదలమీద ఆరేయకండి. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకండి.

అపోహ: పట్టిన పిడుదుకి కిరోసిన్ పోయాలి, అగ్గిపుల్లతో కాల్చాలి.

రెండూ వద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగండి.

స్క్రబ్ టైఫస్ అంటువ్యాధి అన్నది కూడా అపోహే. రోగి పక్కన కూర్చుంటే ఏమీ కాదు.

పురుగులు రాకుండా డీట్ ఉన్న క్రీము చర్మానికి రాసుకోవచ్చు, రెండు నెలల లోపు పసిబిడ్డలకు మాత్రం వద్దు. వాళ్లకు నిండుగా బట్టలు వేసి, ఉయ్యాల మీద దోమతెర కప్పితే సరిపోతుంది.