రగ్గుల్లో మిగిలిన వానాకాలం

కార్తీకం ముగిసి చలి ముదిరే వేళకు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. నిరుడు మడతపెట్టి దాచిన రగ్గులూ బొంతలూ బయటికి తీసి, ఒకసారి దులిపి, ఆ రాత్రే కప్పుకుంటాం. తెల్లవారేసరికి ఇంట్లో ఎవరో ఒకరికి వరుసగా తుమ్ములు, ముక్కు దురద, కళ్ల వెంట నీళ్లు. చలిగాలి పడలేదని సరిపెట్టుకుంటాం. కానీ జలుబైతే సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం లేకుండా, దురదతో కూడిన తుమ్ములు పక్క మీదనో లేవగానేనో మొదలై వారాల తరబడి సాగుతుంటే, చలిని కాదు, కప్పుకున్న రగ్గును అనుమానించాలి.

ఇంటి దుమ్ములో అలర్జీ కలిగించేదేమిటన్న ప్రశ్నకు 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర శాస్త్రవేత్తలు వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం సమాధానం చూపింది. అది డస్ట్‌మైట్ అనే ఎనిమిది కాళ్ల జీవి. సాలీడుకు దూరపు చుట్టమైన ఈ జీవి పొడవు సుమారు మిల్లీమీటరులో మూడోవంతే. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది, కుట్టదు, కరవదు. బాధంతా దాని మలంతోనే. మిల్లీమీటరులో యాభయ్యో వంతుండే ఆ గుళికల్లో ప్రోటీన్లను కత్తిరించే జీర్ణ ఎంజైములు ఉంటాయి. అవి ముక్కు లోపలి పొర కణాల మధ్య బిగువును సడలించి లోనికి చొరబడతాయి, అలర్జీ ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా భావించి తిరగబడుతుంది.

ఈ జీవి నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుంటుంది. అందుకే వానాకాలం దానికి పండగ. గాలిలో తేమ చాలాకాలం యాభై శాతానికి దిగువన ఉంటే ఎండిపోయి చస్తుంది గానీ, అది వదిలిన గుళికలు మాత్రం నూలు పోగుల మధ్య నెలల తరబడి చెక్కుచెదరవు. జూన్ నుంచి అక్టోబరు దాకా పరుపులోనూ రగ్గులోనూ పోగైనదాన్నే మనం చలికాలంలో, తలుపులూ కిటికీలూ బిగించుకుని, ముఖం మీదికి లాక్కుని పీలుస్తున్నాం. పెట్టెలో వేసిన కలరా ఉండలు ఆ గుళికలను ఏమీ చేయలేవు.

కాబట్టి రగ్గు కప్పుకునే ముందే చేయవలసిన పని ఉంది. డాబా మీద మంచి ఎండలో, రెండు వైపులా తిరగేస్తూ, గంటల తరబడి ఆరవేస్తే వేడికీ పొడిదనానికీ మైట్లు చస్తాయి. అయితే చచ్చినంత మాత్రాన గుళికలు పోవు. ఎండబెట్టాక కర్రతో బాగా కొట్టాలి, వీలున్నదాన్ని ఉతకాలి. సూర్యకిరణానికి అడ్డంగా రగ్గును ఒక్కసారి విదిలించి చూస్తే, పొగలా లేచే ఆ ధూళి ఎంతసేపు గాలిలో ఆడుతుందో కంటికి కనిపిస్తుంది. అందుకే ఆ పని బయటే జరగాలి, అలర్జీ ఉన్న మనిషి చేయకూడదు. దుప్పట్లూ దిండు గలీబులూ వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే మైట్లు చస్తాయి, గుళికలూ కొట్టుకుపోతాయి; చన్నీళ్లు గుళికలను చాలావరకు కడిగేసినా మైట్లను చంపలేవు. పరుపుకు, దిండుకు దట్టంగా నేసిన జిప్పు కవర్లు తొడిగితే లోపలి గుళికలు లోపలే ఉండిపోతాయి.

పొడి చీపురుతో ఊడిస్తే నేల మీది ధూళి గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం మేలు. ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నంత మాత్రాన ఈ బెడద తీరదు. మైట్ గుళికలు బరువైనవి గనుక కాసేపట్లోనే పరుపు మీదికీ నేల మీదికీ దిగిపోతాయి, యంత్రం దాకా చేరవు. పిల్లి నుంచి వచ్చే అలర్జీ కారకం ఎక్కువసేపు గాలిలో తేలుతుంది కనుక అక్కడ యంత్రం కొంత నయం.

తెలుగులో బూజు అనే మాటకు సాలెగూళ్లనీ, తడిగోడ మీద పూసే శిలీంధ్రమనీ రెండు అర్థాలున్నాయి. సంక్రాంతికి ముందు మనం దులిపేది మొదటిదాన్ని. ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది రెండోదాని మీద. స్నానాల గది తలుపు తెరిచి ఉంచి, తడిబట్టలను పడకగదిలో ఆరవేయడం మానితే గాలిలో తేలి అలర్జీ కలిగించే దాని సూక్ష్మబీజాలు తగ్గుతాయి. అమెరికాలోని చలి రాష్ట్రాల్లో స్థిరపడిన మనవాళ్లకు మరో చిక్కు: హీటరు గాలిని పొడిగా మార్చి మైట్లను అణిచివేస్తుంది, ముక్కు ఎండుతోందని అతిగా వాడే హ్యుమిడిఫయర్, అంటే గాలికి తేమ చేర్చే యంత్రం, మళ్లీ వాటికి ప్రాణం పోస్తుంది.

వీటిలో ఏదో ఒక్కటి చేసి ఊరుకుంటే పెద్దగా ఫలితం ఉండదని పరిశోధనలు చెబుతున్నాయి. నాలుగైదు కలిపి, నెలల తరబడి చేయాలి. రాత్రిపూట పిల్లవాడి ఊపిరిలో ఈలలాంటి పిల్లికూతలు వినిపిస్తుంటే మాత్రం ఇంటి శుభ్రతతో ఆగక వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి, వాడుతున్న ఇన్‌హేలరును మాన్పించకూడదు. ముంజేతి మీద సూదితో మెల్లగా గుచ్చి చేసే అలర్జీ పరీక్ష పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం చెబుతుంది. అందులో మైట్లకు బదులు బొద్దింక అలర్జీ బయటపడితే, పరుపు కవర్లకు పెట్టదలచిన డబ్బు వంటింటి పగుళ్లు పూడ్చడానికీ, సింకు కింద కారే పైపు బాగు చేయించడానికీ ఖర్చుపెట్టడం మంచిది.