గుండెకు చికిత్స చేసి పాదం ఎందుకు చూస్తారు? పిల్లల క్యాథ్ ప్రక్రియపై అపోహలు - వాస్తవాలు

పిల్లల గుండె వార్డులో నర్సుగా నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇది: "సిస్టర్, రంధ్రం గుండెలో ఉంటే మాటిమాటికీ పాదం పట్టుకుని చూస్తారేమిటి?" క్యాథ్ అంటే రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెదాకా పంపి చేసే ప్రక్రియ. రంధ్రాన్ని మూసే చిన్న పరికరాన్ని ఆ గొట్టం ద్వారానే పెడతారు.

అపోహ: గుండెలో పరికరం పెట్టేశారు, ఇక గండం గడిచినట్టే.
వాస్తవం: గొట్టం గుండెకు చేరేది సాధారణంగా గజ్జలోని రక్తనాళం గుండానే. పసిపిల్లల ధమని చాలా సన్నం. అది బిగుసుకుపోవచ్చు, లోపల రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే ప్రక్రియకు ముందే పాదం మీద నాడి దొరికిన చోట పెన్నుతో గుర్తు పెడతాం. తర్వాత మొదటి గంటలో పావుగంటకోసారి రెండు పాదాలనూ పోల్చి చూస్తాం. ఒకటి చల్లబడినా, పాలిపోయినా, నాడి అందకపోయినా వెంటనే డాక్టరును పిలుస్తాం.

బిడ్డకు చలేస్తుందని పెద్దవాళ్లు దుప్పటి కప్పుతారు. మేం దాన్ని తీసి, నడుము కింద చేయి పెట్టి చూస్తాం. పైన కట్టు పొడిగానే కనిపిస్తున్నా, కారిన రక్తం తొడ పక్కనుంచి కిందికి చేరుతుంది. నిద్ర చెడగొడుతున్నామని దయచేసి నొచ్చుకోకండి. పక్క తడిగా అనిపిస్తే కట్టు మీద, దానికి కాస్త పైన అరచేత్తో గట్టిగా అదిమి పట్టి మమ్మల్ని కేకేయండి.

అపోహ: ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ఇవ్వకూడదు.
వాస్తవం: సాధారణంగా అన్నం, డబ్బాపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపితే చాలు. మీ బిడ్డకు ఏ వేళకు ఆపాలో వార్డులో చెబుతారు. ఒళ్లు నీలంగా మారే పిల్లల రక్తం చిక్కగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే అది గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. వాళ్లకు సెలైన్ అందుకే. ఏడుపు చూడలేక ఒక నాయనమ్మ చాటుగా బిస్కెట్టు తినిపించింది, ఆరోజు ప్రక్రియ వాయిదా పడింది. ఆమె ప్రేమను తప్పుపట్టలేను. కానీ మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పెట్టేస్తే దాచకండి, చెప్పండి.

అపోహ: పిల్ల ఎదిగితే పరికరం మార్చాలి.
వాస్తవం: అక్కర్లేదు. కొన్ని నెలల్లో దానిపై గుండె కణజాలమే పొరలా అల్లుకుంటుంది. మొదటి 6 నెలల్లో పంటి చికిత్స అవసరమైతే మాత్రం ముందుగా గుండె డాక్టరును అడగండి.

అపోహ: పిల్లలకు ఏమీ చెప్పకూడదు, భయపడతారు.
వాస్తవం: "ఆడుకోవడానికి వెళ్తున్నాం" అని తీసుకొచ్చిన పిల్లలే ఎక్కువ బెదురుతారు. మెలకువ వచ్చాక 4 నుంచి 6 గంటలు కాలు మడవకుండా పడుకోవాలి. మోసపోయానన్న కోపంలో ఉన్న ఐదేళ్ల పిల్లాడు మాట వినడు. నేను ముందురోజే బొమ్మ కాలికి కట్టు కట్టి చూపిస్తాను. "ఈ బొమ్మ కాలు కదపకుండా నువ్వే చూసుకోవాలి" అంటే చాలామంది బుద్ధిగా కాపలా కాస్తారు. మరీ చిన్నవాళ్లయితే తల్లిని పక్కనే పడుకోబెట్టి, కాలు చాపి ఉంచేలా పట్టుకోమంటాను.