కూజా కోసం కట్టిన కిటికీ

కైరో పాతబస్తీలో మేడల పై అంతస్తుల నుంచి చెక్క కిటికీలు వీధి మీదికి పొడుచుకొచ్చి ఉంటాయి. చిన్న చిన్న చెక్క ముక్కలను గుండ్రంగా చెక్కి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, జల్లెడలా అల్లిన కిటికీలవి. పేరు మష్రబియా. అరబిక్‌లో ‘తాగడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి ఈ పేరు వచ్చిందంటారు. తాగేనీళ్ల మట్టి కూజాలు చల్లబడటానికి అక్కడ పెట్టేవాళ్లు మరి.

కూజా ఒంటినిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటిలోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని లోపలి నీళ్ల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి లాగేసుకుంటుంది. అంటే ఆవిరైన ఒక్క గ్రాము, అరలీటరు పైగా నీటిని ఒక డిగ్రీ చల్లార్చగలదు. వేసవిలో మన కుండనీళ్లు చల్లగా ఉండేదీ ఇందుకే. ఎడారి పొడిగాలి ఆ జల్లెడలోంచి దూరి, కూజాలను తాకి గదిలోకి వచ్చేది.

ఆ అల్లికలోనూ లెక్క ఉంది. కూర్చున్నవాళ్ల కళ్లకు ఎదురుగా ఉండే చోట రంధ్రాలు చిన్నవి, కళ్లు చెదరకుండా. పైభాగంలో పెద్దవి, గాలి ఆడటానికి. బయట వెలుగెక్కువ, లోపల తక్కువ కాబట్టి ఇంట్లోవాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్లకు ఇల్లు కనిపించదు. ఇంత పనిచేసే కిటికీని ఒట్టి అలంకారం అనుకుంటే నాకు బాధేస్తుంది.

చమురు డబ్బు వచ్చాక గల్ఫ్ నగరాల్లో అద్దాల మేడలు లేచాయి. అద్దం ఎండను లోపలికి రానిస్తుంది. ఆ ఎండకు వేడెక్కిన నేల, బల్లలు వదిలే పరారుణ కిరణాలను మాత్రం నేరుగా బయటికి పోనివ్వదు. ఇక రోజంతా ఏసీ తిరగాల్సిందే.

అబుదాబిలో 2012లో పూర్తయిన అల్ బహర్ జంట టవర్లను నేను ఇష్టపడేది ఇక్కడే. అద్దాల గోడకు సుమారు రెండు మీటర్ల అవతల, ఒక్కో టవర్‌కు వెయ్యికి పైగా గొడుగుల్లాంటి తెరలు బిగించారు. సూర్యుడు ఎటు తిరిగితే అటువైపు తెరలు కంప్యూటర్ ఆదేశంతో విచ్చుకుంటాయి, ఎండ దాటిపోగానే ముడుచుకుంటాయి. లోపలికి వచ్చే ఎండ వేడి సగానికి సగం తగ్గుతుందని రూపకర్తల అంచనా. గది లోపలి కర్టెన్‌తో ఇంత లాభం ఉండదు, వేడి అప్పటికే అద్దం దాటేసి ఉంటుంది.

వాళ్లు కూజాను వదిలేశారు, నీడను మాత్రం తీసుకున్నారు. అది సరైన నిర్ణయం. అబుదాబి సముద్రపు ఒడ్డు, వేసవి గాలిలో తేమ ఎక్కువ. అప్పటికే తేమతో నిండిన గాలిలోకి నీరు సరిగ్గా ఆవిరి కాదు. కైరో కిటికీని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టినా కూజా నీళ్లు అంతగా చల్లబడవు.

కదిలే తెరలతో కష్టాలూ ఉన్నాయి. పారిస్‌లోని అరబ్ వరల్డ్ ఇన్‌స్టిట్యూట్‌కు 1987లోనే వాస్తుశిల్పి జాన్ నువెల్ ఇలాంటి ప్రయత్నం చేశాడు. దక్షిణపు గోడకు 240 పలకలు, వాటిలో కెమెరా కన్నులా తెరుచుకుని మూసుకునే రేకులు. సున్నితమైన ఆ యంత్రాలు తరచూ మొరాయించాయి. చెక్క మష్రబియాకు మోటారే లేదు, చెడిపోయే పనీ లేదు. అద్దం మీద నక్షత్రాల డిజైన్ ముద్రించి ‘మన వారసత్వం’ అనే భవనాల కన్నా, చెడిపోయినా సరే పనిచేయడానికి ప్రయత్నించినదే నాకు గొప్ప.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి ఆ మేడలు కట్టేవాళ్లు ఆ రెండున్నర గంటలూ నీడ వెతుక్కుంటారు. వాళ్లు ఉండే గదుల పడమటి గోడకు, కంప్యూటర్ అక్కర్లేని ఓ జల్లెడ తెర చూడాలని ఉంది నాకు.